మానీమతస్థుల ‘కవాన్’ గ్రంథము - మూలవిచారము

సంస్కృతమున కవిశబ్దమునకు క్రాంతదర్శి యని యర్థము చెప్పుట మన పండితులకు సుపరిచితము. ఈ శబ్దమే ఇరానీయుల అవెస్తాయందును ‘కవి’ యను రూపముననే కలదు. కాని యచ్చటి గాథలలో నది జరథుష్ట్రునకు విరోధులైన పాలకులకును, ఆయనను పోషించిన విష్తాస్పునకును గూడ బిరుదముగా వాడఁబడినది. కాలక్రమమున మధ్యపారసీకభాషలో నది ‘కవ్’ అయి, పూర్వకాలపు వీరుఁడు, మహాకాయుఁడు అను నర్థమునకు మాఱినది. దాని బహువచనమగు ‘కవాన్’ అనునది యొక మతగ్రంథమునకుఁ బేరైనది. ఆ గ్రంథము క్రీ. శ. మూఁడవ శతాబ్దమున బాబిలోనియాలో వెలసిన మాని యను మతకర్తది. మహాకాయుల గ్రంథమని దాని యర్థము. ఈ వ్యాసమున నేను విచారింపఁ దలఁచినది యొక్కటే ప్రశ్న: ఈ గ్రంథమునకు మాని కర్తయా, లేక యింతకుముం దున్నదానిని దిద్దినవాఁడా?

ప్రశ్న చిన్నదిగాఁ దోఁపవచ్చును. కాని దీనికిఁ జెప్పు సమాధానమును బట్టియే, నశించిన గ్రంథమును దాని యనువాదములనుండి పునర్నిర్మించు పనిలో మనము దేనిని నమ్మవచ్చునో, దేనిని నమ్మరాదో తేలును.

మొదట కథాబీజము. ఆదికాండము ఆఱవ యధ్యాయమున దేవకుమారులు నరకుమార్తెలను వరించిరనియు, వారికి శూరులు పుట్టిరనియు నాలుగు వాక్యములలో నొక ప్రస్తావము కలదు. హనోకు పేర వెలసిన గ్రంథమున నది విస్తరింపఁబడెను. అందు జాగరూకులను దేవదూతలు రెండువందలమంది హెర్మోను పర్వతముపై దిగిరి. వారి నాయకుఁడు షెమిహజా. వారికి మహాకాయులైన కొడుకులు పుట్టి భూమిని పీడింపఁగా జలప్రళయము వచ్చెను. యూదులు గాని, పశ్చిమ క్రైస్తవసంఘములు గాని హనోకు గ్రంథమును బ్రమాణముగా గ్రహింపలేదు. ఇథియోపియా సంఘమొక్కటియే దానిని బైబిలులో నిలుపుకొన్నది. అందుచేతనే యది సమగ్రముగా దక్కినది. కవాన్ గ్రంథ మీ కథకే మఱియొక శాఖ. హనోకు గ్రంథమున కథ తండ్రులగు దేవదూతలది. ఇందు కథ కొడుకులది. వారి కలలు, వారి కలహములు, వారికిఁ గలిగిన మృత్యుభయము ఇందలి విషయము.

ఇరువదవ శతాబ్దారంభము వఱకు ఈ గ్రంథమునుండి యొక్క పుటయైనను ఎవరును జూచి యెఱుఁగరు. ఉన్నవి సాక్ష్యములు మాత్రమే, అవియును జాలవఱకు పరమతస్థులవి. 987 లో ఇబ్నన్నదీము కూర్చిన ‘ఫిహ్రిస్తు’ అను అరబ్బీ గ్రంథసూచిలో మాని రచనలలో ‘సిఫ్రుల్ జబాబిర’ యనఁగా మహాకాయుల గ్రంథ మనునది పేర్కొనఁబడినది. 731 లో తాఙ్ చక్రవర్తి యాజ్ఞపై మానీమతాచార్యుఁడొకఁడు చీనాభాషలో వ్రాసి సమర్పించిన మతసంగ్రహమున నీ గ్రంథము పేరు చీనాలిపిలోనికి ధ్వనిమాత్రముగా దింపఁబడి, మహాబలుల సూత్రమని యర్థము వివరింపఁబడినది. ఆ ధ్వని ‘కవాన్’ అనుదాని ధ్వనియే. అల్ బిరూనీ రచనల నభ్యసించిన తబ్రీజువాసి అల్ గదన్ఫరు అను పండితుఁడు, మాని గ్రంథమునందలి మహాకాయులలో సాము, నరీమాను అనువా రున్నారని వ్రాసెను. గెలాసియసు పోపు పేరఁ బరఁగు నిషిద్ధగ్రంథముల పట్టికలో, జలప్రళయమునకుఁ దరువాత మహాసర్పముతోఁ బోరాడెనని పాషండులు చెప్పు ‘ఓగియా’ యను మహాకాయుని గ్రంథ మొకటి కలదు. ఈ నాలుగు సాక్ష్యములును ఒకదాని నొకటి యెఱుఁగవు. నిషేధించినవాఁడు కూడ సాక్షియే యగుట మతగ్రంథచరిత్రలలోఁ దఱుచుగాఁ గనఁబడు విచిత్రము.

ఇంత స్వల్పమైన యాధారముతోనే పదునెనిమిదవ శతాబ్దమున బోసోబ్రు అను ఫ్రెంచి ప్రొటెస్టెంటు పండితుఁడు 1734 లో వెలువడిన తన మానీమతచరిత్రలో నొక యూహ చేసెను. మాని యీ గ్రంథమునకు మూలముగా గ్రహించినవి హనోకు గ్రంథమును, నోవహు వంశీయుఁడగు కేనాను పొలములోఁ గనుఁగొనెనని కథగాఁ జెప్పుకొను మహాకాయుల వ్రాఁతయు నని యాతని మతము. ఒక్క పాదసూచికలోఁ జెప్పిన ఈ మాటను రెండు శతాబ్దములవఱకు నెవ్వరును బట్టించుకొన్నట్లు కానరాదు.

1902 మొదలు 1914 వఱకు జర్మను పండితులు మధ్యాసియాలోని తుర్ఫాను ప్రాంతమునఁ ద్రవ్వకములు జరపి వేలకొలఁది చినిఁగిన కాగితపుఁ దునుకలను బెర్లినునకుఁ జేర్చిరి. వానిలో మానీమతస్థుల లిపిలో నున్నవానిని 1904 లో ముల్లరు చదువఁగలిగెను. ఆ తునుకలలో మహాకాయుల కథకుఁ జెందినవానిని మధ్యపారసీకము, పార్థీయము, సోగ్దీయము, ఉయిగురు భాషలనుండి యేర్చి కూర్చి, 1943 లో లండనునగర ప్రాచ్యవిద్యాలయ పత్రికలోఁ బ్రకటించినవాఁడు హెన్నింగు. నేఁడు చదివినను ఆ వ్యాసము పాఠపరిష్కర్తల కొక పాఠమే. పంక్తి కొక సగము చినిఁగినచోట సగమునే యచ్చువేసెను గాని, తన యూహతోఁ బూరించి మూలమని యమ్మఁజూపలేదు. పత్రముల క్రమము తెలియనిచోటఁ దెలియదని యొప్పుకొన్నాఁడు.

ఆతఁడు చేసిన నిర్ణయములలో రెండు మన చర్చకు ముఖ్యములు. మధ్యపారసీకానువాదమున మహాకాయు లిరువురు సాము, నరీమాను లనఁబడుచున్నారు. సోగ్దీయమునందును సాము పేరు ‘సాహ్మ్’ అని కలదు. ఇవి షాహ్‌నామా చదివినవారికిఁ దెలిసిన పేళ్లే. రుస్తుమునకుఁ దాత సాము, ఆతని తండ్రి నరీమాను. కాని వేఱొక మధ్యపారసీకపుఁ దునుకలో నీ సోదరులే ఓహ్యా, అహ్యా అను పేళ్లతో, షహ్మీజాదు కొడుకులుగాఁ గనఁబడుచున్నారు. షహ్మీజాదు అనఁగా షెమిహజాయే. మాని తన గ్రంథమును వ్రాసినది సిరియాకభాషలో; అందుండినవి ఓహ్యా, అహ్యా యను పేళ్లే; ఇరానీయనామములు తరువాతి యనువాదకులు పెట్టినవి అని హెన్నింగు మొదటి నిర్ణయము. కాఁబట్టి అల్ గదన్ఫరు చూచినది మూలము కాదు, ఇరానీయ సంప్రదాయపుఁ బ్రతి. ఆతఁడు చెప్పినది సత్యమే. కాని మాని విషయమున కది సాక్ష్యము గాదు.

అనువాదకుఁడు సాము పేరు నేల యెన్నుకొనెను? అవెస్తాలోఁ గెరెసాస్పుఁడు సామవంశీయుఁడు, శృంగములు గల మహాసర్పమును జంపిన వీరుఁడు. ఆతని పేరు మన కృశాశ్వశబ్దమునకు సమానము. ఆతని బిరుదమగు ‘నైరేమనహ్’ అనునది వైదికమగు ‘నృమణస్’ అనుదానికి సోదరశబ్దము. అదియే పిమ్మట నరీమాను అను వేఱొక వ్యక్తియైనది. కవాన్ గ్రంథమున ఓహ్యా లెవియాతాను అను మహాసర్పముతోఁ దలపడుచున్నాఁడు. పార్థీయపుఁ దునుక యొకదానిలో ఓహ్యా, లెవియాతాను, రఫాయేలు ఒకరి నొకరు చీల్చుకొని యంతర్ధానమైరను ప్రస్తావము కలదు. సర్పముతోఁ బోరాడువానికి సర్పహంత పేరు పెట్టుట యనువాదకుని యజ్ఞానము కాదు. శ్రోత యెఱిఁగిన కథను బట్టి చేసిన ఔచిత్యము. నిషిద్ధపట్టికలోని ఓగియా యెవరో యును దీనితోఁ దేలిపోయినది.

రెండవ నిర్ణయ మింతకంటె సూక్ష్మము. మహవాయి యను మహాకాయుని తండ్రిపేరు తుర్ఫాను పత్రములలో ‘విరోగ్దాదు’. విద్యుద్దత్తుఁడని దాని యర్థము. హనోకు గ్రంథమునందలి దేవదూతల పట్టికలో బరాకేలు అను పేరు గలదు. అరామికమున ‘బరక్’ అనఁగా మెఱుపు. విరోగ్దాదు బరాకేలే యని హెన్నింగు పోల్చెను. అప్పటి కీ పోలికకు నిదర్శనము లేదు. అర్థసామ్య మొక్కటియే యాధారము.

1947 లో మృతసముద్రతీరమునఁ గుమ్రాను గుహలు బయలుపడెను. 1952 లో నాలుగవ గుహ దొరకెను. అచ్చటి అరామికపుఁ దునుకలను బరిశీలించిన మిలిక్కు 1971 లోను, సమగ్రముగా 1976 లోను ఒక సంగతిని వెల్లడించెను. తుర్ఫానులోని కథయే కుమ్రానులోను గలదు. ఓహ్యా, హహ్యా, మహవాయి అను పేళ్లు వానిలోనే యున్నవి. మహవాయి తండ్రి బరాకేలని స్పష్టముగా నున్నది. లిపిని బట్టి చూడఁగా నా ప్రతులు మానికిఁ బూర్వము రెండు మూఁడు శతాబ్దములనాఁటివి. ప్రతులసంఖ్య తొమ్మిదియో పదియో యని పండితులు లెక్కించుచున్నారు. ఇది యక్కడి గ్రంథములలోఁ దక్కువ సంఖ్య గాదు. హెన్నింగు 1967 లో మరణించెను. తన పోలిక రుజువగుటను ఆతఁడు చూడలేదు.

రెండు సన్నివేశములను మాత్రము చూపుదును. కుమ్రాను ప్రతిలో, మహాకాయులు తమకు వచ్చిన కలల యర్థము తెలిసికొనుటకై మహవాయిని హనోకు నొద్దకుఁ బంపుదురు. ఆతఁడు గరుడునివలె ఱెక్కలతో నెగసి, జనసంచారము లేని మహారణ్యమును దాఁటి పోయి హనోకును బిలుచును. తుర్ఫానులో దొరకిన ఉయిగురు పత్రమున మహవాయి తానే తన యాకాశగమనమును జెప్పుచున్నాఁడు. సూర్యుఁ డుదయించుచుండఁగా ఱెక్కలు కాలునేమో యను నపాయము. పైనుండి యొక కంఠస్వరము విరోగ్దాదు కుమారుఁడా యని పిలిచి మరలిపొమ్మని హెచ్చరించుట. దక్షిణమునుండి హనోకు స్వరము వినఁబడుట, ఆయన మాత్రము కానరాకుండుట. ఈ యంశములు కొన్ని కుమ్రానులో లేవు. ఉండి నశించినవో, మొదటినుండియే లేవో నిర్ణయింపరాదు. గమనము మాత్రము రెండింట నొక్కటే.

రెండవది కల. ఓహ్యా సోదరుఁడు కలలో నొక తోఁటను జూచును. తోఁటమాలులు చెట్లకు నీరు పోయుచుందురు. పెద్ద మొలకలు లేచును. ఆకాశమునుండి యగ్నిజ్వాలలు దిగును. తుర్ఫాను పత్రమున నరీమాను చూచినది వరుసలు తీర్చిన చెట్ల తోఁట. అందు రెండువందల సంఖ్యయుఁ గలదు. ఆ రెండువందలు దేవదూతల సంఖ్య యగుటచేఁ గల యర్థము తానే వెల్లడి యగుచున్నది. మధ్యయుగపు హీబ్రూ కథాసంగ్రహములలో షెమ్హజాయి, ఆజాయేలుల కథ యొకటి కలదు. అందు షెమ్హజాయి కొడుకులు హివ్వా, హియ్యా; వారికిని రాత్రి కలలు వచ్చును, ఒకని కలలో నుద్యానమే కనఁబడును. ఇది మూఁడవ శాఖ. మానీమతముతో సంబంధము లేనిది గనుక దీని సాక్ష్యము విలువగలది.

కాఁబట్టి మూలప్రశ్నకు సమాధానము సగము తేలినది. మాని యీ కథను గల్పింపలేదు. ఆతని చేతి కది యెట్లు వచ్చెను? 1970 లోఁ బ్రకటింపఁబడిన కొలోను నగరపు గ్రీకు పుస్తకము దీనికిఁ గొంత దారి చూపుచున్నది. నాలుగున్నర సెంటీమీటర్ల యెత్తు, మూఁడున్నర వెడల్పు గల యా చిన్న పుస్తకమున మాని బాల్యచరిత్ర కలదు. ఆతఁడు నాలుగవయేటినుండి యిరువదినాలుగవయేటి వఱకు దక్షిణ మెసపొటేమియాలో నెల్ఖసాయి మతానుయాయులగు స్నాతకుల నడుమఁ బెరిగెనని యందు స్పష్టము. అది యూదాచారములను బాటించు క్రైస్తవశాఖ. ఆ పుస్తకముననే, బరాయీ యను శిష్యుని వాక్యములుగా నున్న భాగమున, ఆదాము, షేతేలు, ఎనోషు, షేము, హనోకు అనువారి దర్శనగ్రంథములనుండి యుద్ధృతములు గలవు. ఆ హనోకు వాక్యములు మన కిప్పుడు తెలిసిన హనోకు గ్రంథమున లేవు. అనఁగా హనోకు పేర నున్న వాఙ్మయము నేఁడు మిగిలినదానికంటె విస్తృతమై, మాని పెరిగినచోటఁ బ్రచారమున నుండెనని గ్రహింపవచ్చును. మానిచేతికి మహాకాయుల కథ యట్టి సమాజమునుండియే వచ్చెనని నా తలంపు. ఋజువు కాదు, తలంపే.

కాని యంతమాత్రమున మానిని గ్రంథచోరుఁడని యందుమా? బెర్లినులోని మధ్యపారసీకపుఁ బ్రతి యొకటి దీనికి ప్రతివాదము చెప్పుచున్నది. ఆ ప్రతిలోనే మహాకాయుల కథతోఁబాటు శ్రావకుల ధర్మమును బోధించు దృష్టాంతములు గలవు. సన్న్యాసులకు భిక్షయిడు శ్రావకుఁడు తన కుమార్తెను రాజున కర్పించు నిరుపేదవంటివాఁడను ఉపమాన మందులోనిదే. ఇట్టి బోధలు కుమ్రాను కథలో నుండుట కవకాశము లేదు. ఈజిప్టులో దొరకిన ‘కెఫలాయ’ యను కాప్టిక్ గ్రంథమున జాగరూకుల తిరుగుబాటు ‘గౌరవరాజు’ అను దేవత కావలికాలమున జరిగినదని వ్రాయఁబడినది. అనఁగా నా కథ మాని సృష్టిక్రమమునకు ముడిపెట్టఁబడినది. తమోబద్ధములైన భూతములు చెఱనుండి తప్పించుకొనుట మాని సిద్ధాంతమునకుఁ గావలసిన కథ. పూర్వులయొద్ద నది సిద్ధముగా నుండఁగాఁ గొత్తది కల్పింప నేల? మనవారు పురాణకథను గ్రహించి కావ్యము చేసినపుడు కథాచౌర్యమని యెవ్వరు ననరు. మాని విషయమునను న్యాయ మదియే కావలెను. కథ యూదులది, గ్రంథము మానిది.

ఈ విభాగమును మఱచుటచే నేఁటి ప్రచురణలు కొన్ని దోషము పాలగుచున్నవి. కుమ్రాను తునుకలను, తుర్ఫాను తునుకలను వరుసగాఁ గుట్టి యొకే కథగా నచ్చువేసి మహాకాయుల గ్రంథమని పేరు పెట్టు వాడుక సామాన్యపాఠకుల కొఱకైన పుస్తకములలోఁ బ్రబలినది. ఒకచోటి ఖాళీని వేఱొకచోటి పంక్తితోఁ బూరించి, ఆ పూరించినదానినే రెండింటి యైక్యమునకుఁ బ్రమాణముగాఁ జూపుదురు. ఇది యన్యోన్యాశ్రయము. 1997 లో నరామికపుఁ దునుకలను బ్రత్యేకముగాఁ బరిష్కరించిన స్టుకెన్బ్రుక్కు వాని క్రమమును తునుకల స్వరూపమును బట్టియే నిర్ణయింప యత్నించెను, మార్గ మదియే. పేరు, సంఖ్య, సన్నివేశము రెండు శాఖలలోఁ గనఁబడినచో మూలమునకుఁ జెందునని యొప్పవచ్చును. కథాక్రమమును, ఒక్క శాఖలోనే యున్న యంశమును మూలమున కారోపింపరాదు.

మనకు గుణాఢ్యుని బృహత్కథ విషయమున నీ యనుభవము కలదు. కాశ్మీరపు సోమదేవ, క్షేమేంద్రుల సంగ్రహములను జూచి పైశాచీమూల మట్లే యుండెనని పూర్వులు తలఁచిరి. నేపాళమున బుధస్వామి శ్లోకసంగ్రహము బయలుపడి, 1908 లో లాకోతు దానిని విమర్శింపఁగా, కాశ్మీరశాఖలోని యుపకథలలోఁ బెక్కులు తరువాతఁ జేరినవని తేలెను. అచ్చట మూల మిప్పటికిని దొరకలేదు. ఇచ్చట మూలపుఁ దునుకలు దొరకినవి. కాని మాని సిరియాకగ్రంథమునుండి యొక్క పుటయు దొరకలేదు. నడిమి మెట్టు లేదు. ఇది మఱవరాదు.

మిలిక్కు చేసిన వేఱొక యూహను గూడఁ బరీక్షింపవలెను. ఇథియోపియా హనోకు గ్రంథమున 37 మొదలు 71 వఱకు నధ్యాయములు దృష్టాంతభాగము. కుమ్రానులో దానినుండి తునుక యొక్కటియు లేదు. మహాకాయుల గ్రంథమో పలుప్రతులుగా నున్నది. కాఁబట్టి మొదట హనోకు పంచకమున మహాకాయుల గ్రంథము స్థానము వహించి యుండెననియు, మానీమతస్థులు దానిని సొంతము చేసికొనుటచేఁ గ్రైస్తవులు తొలఁగించి, మూఁడవ శతాబ్దమున రచించిన దృష్టాంతభాగము నచ్చట నిలిపిరనియు నాతని వాదము. వినుటకు రమ్యము. కాని పంచక మనునది కుమ్రానులో నుండెననుటయే సిద్ధము గాదు. ఆతని ముఖ్యాధారము, మహాకాయుల ప్రతి యొకటియు హనోకు ప్రతి యొకటియు నొకే లేఖకుని చేతివ్రాఁత యనుట. ఒకే లేఖకుఁడు రెండు గ్రంథములు వ్రాయఁగూడదా? దృష్టాంతభాగ మంత యర్వాచీనమని తరువాతివారిలోఁ బెక్కురు సమ్మతింపలేదు. విరోగ్దాదు విషయమున హెన్నింగు యూహ నిలిచినది. ఇచ్చట మిలిక్కు యూహ నిలువలేదు. ఇరువురును మహాపండితులే. మొదటి యూహ మఱియొక శాఖచేఁ బరీక్షింపఁదగినది. రెండవది యట్టిది కాదు.

ఇఁక మనదేశపు నీడ యీ గ్రంథముపైఁ బడినచోటు. కాప్టిక్ కెఫలాయములో మహాకాయుల సంతతికై ముందే కట్టియుంచిన పట్టణములు ముప్పదియాఱు. సోగ్దీయపత్రమున నీ విషయమే వచ్చునప్పుడు, నలువురు దేవదూతలు వారిని సగము తూర్పునకు, సగము పడమటికి, సుమేరు పర్వతపాదమునొద్దనున్న ముప్పదిరెండు పట్టణములకుఁ దోలుకొనిపోవుదురు. ఈజిప్టులోఁ గాని బాబిలోనియాలోఁ గాని సుమేరువు లేదు. అది సోగ్దులు బౌద్ధులవలన విన్నది. పట్టణములసంఖ్య యేల తగ్గెను? బౌద్ధుల లోకవర్ణనలో సుమేరుశిఖరము త్రయస్త్రింశ దేవలోకము. ముప్పదిముగ్గురిలో నడుమ నున్న యింద్రుని విడిచినచో ముప్పదిరెండుగురు. పర్వతము మాఱఁగానే దాని ననుసరించి సంఖ్యయు మాఱినదని యూహింపవచ్చును. అట్లే ఉయిగురు పత్రమున హనోకునకు ‘బుర్ఖన్’ అను బిరుద మున్నది. ఆ మాటలోని పూర్వభాగము బుద్ధశబ్దమే. హెర్మోను కొండనుండి బయలుదేఱిన కథ వేయి యేండ్లకుఁ దుర్ఫాను చేరునప్పటికి, దేవదూతల కపరాధనిర్ణయము వ్రాసి యిచ్చిన యూదలేఖకుఁడు బుద్ధుఁ డయ్యెను. ఓహ్యా సాము డయ్యెను. మహవాయి మాత్రము మహవాయిగనే నిలిచెను.